కొసరు ఎవరి కుప్పలోంచి

పన్నెండులో పావు ఎంత అని అడిగితే నా కూతురు రెండు అంది. ఎనిమిదిలో సగం మూడు అంది. పదిహేనులో మూడో వంతు నాలుగు అంది. ఏది అడిగినా ఒకటి తక్కువ. అదీ తడుముకోకుండా, నా కళ్ళలోకి చూస్తూ, ఖాయంగా చెప్పేది. తడబడే పిల్లకు నేర్పడం తేలిక. తప్పును అంత ధీమాగా చెప్పే పిల్లకు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో నాకు తెలియలేదు.

ఇది కిందటేడు దసరా సెలవులు అయిపోయాక మాట. అప్పుడు తను మూడో తరగతి. మేముండేది కర్నూలులో అద్దె ఇంట్లో. మా ఆయన బేతంచెర్లలో బండలు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో సరుకు పంపించే పని చూస్తాడు, రోజూ పోయి వస్తాడు. నేను డిగ్రీలో లెక్కలే చదివాను. పిల్ల పుట్టాక ఉద్యోగం ఊసెత్తలేదు. ఎవరైనా అడిగితే పాపను చూసుకుంటున్నా అంటాను. అందుకే పాపకు లెక్కలు రాకపోతే నా పని నేను చెయ్యనట్టే అనిపిస్తుంది.

సెలవుల తర్వాత రెండో వారంలో మిస్ నన్ను పిలిపించింది. చిన్నమ్మాయే, నా కన్నా చిన్నది. మెత్తగానే మాట్లాడింది.

"మేడమ్, పాపకు ఫ్రాక్షన్స్ అస్సలు అందడం లేదు. క్లాసులో అందరికీ వచ్చేశాయి. ఈ నెలాఖరు టెస్టులో కూడా ఇట్లే ఉంటే, రోజూ మధ్యాహ్నం లెక్కల పీరియడ్‌కి రెండో తరగతిలో కూర్చోబెడతాం. ఇంకా ఇద్దరు ముగ్గురు పిల్లలున్నారు అట్లా. వాళ్ల మంచికే."

నా కూతురు పక్కనే నిలబడి ఉంది. మిస్ మాట్లాడినంతసేపూ తన బూటు లేసు వైపు చూస్తూ ఉంది. స్కూటీ మీద ఇంటికొస్తుంటే వెనక నుంచి అడిగింది.

"అమ్మా, రెండో తరగతిలో బల్లలు చిన్నవి. నా కాళ్ళు పడతాయా?"

"నువ్వక్కడికి పోవు" అన్నాను. గట్టిగానే అన్నాను గానీ, కొండారెడ్డి బురుజు దగ్గర తిరగాల్సిన మలుపు మరిచిపోయి ముందుకు పోయాను.

మా ఆయన సాయంత్రం ఇంటికొచ్చి, బూట్లకంటిన తెల్లటి రాతిపొడిని వాకిట్లో దులుపుతూ విన్నాడు. నవ్వాడు.

"లెక్కల డిగ్రీ చదివిన తల్లికి పుట్టిందప్పా! నాకే నయం, సగం మార్కులన్నా వచ్చేవి."

"నవ్వొద్దు. నెలాఖరు ఎంతో దూరం లేదు."

"రాకపోతే ఏమైతాది? నాకు రాలేదు. ఇప్పుడు లారీలకు లారీలు బండలు లెక్కబెట్టి పంపడంలేదా?"

"నిన్ను ఎవరూ తీసుకుపోయి చిన్న పిల్లల్లో కూర్చోబెట్టలేదు గదా."

దాంతో అతని నవ్వు ఆగింది. లోపలికి పోయి పాప పక్కన కూర్చుని తల దువ్వడం మొదలుపెట్టాడు. ఏమీ తోచనప్పుడు అతను చేసే పని అది.

కడప నుంచి మా ఆడపడుచు ఫోన్ చేసినప్పుడల్లా వాళ్ల పిల్లవాడు ఎక్కాలు అప్పజెప్పేది వినిపిస్తుంది. రెండో తరగతికే పదిహేనో ఎక్కం దాకా వచ్చాడు. "ఫోను పాపకియ్యి, దాంతో కూడా ఒక ఎక్కం చెప్పిద్దాం" అంటుంది. ఆ నెలంతా నేను చెప్పిన సాకు, మా పాపకు జలుబని.

నాకు తోచినవన్నీ చేశాను. జొన్నరొట్టె పళ్ళెంలో పెట్టి సగం చెయ్యమన్నాను, చేసింది. పావు చూపించమన్నాను, సగాన్ని మళ్ళీ సగం చేసి చూపించింది. ముప్పావు ఏదంటే మూడు ముక్కల మీద అరచెయ్యి పెట్టింది. అన్నీ సరే. ఒక్క వస్తువును కోసి అడిగితే తప్పు పోదు. కొన్ని వస్తువులు కుప్పగా పోసి అందులో పావు ఎంత, మూడో వంతు ఎంత అని అడిగితేనే ఆ ఒకటి తక్కువ వచ్చి కూర్చుంటుంది.

మా ముందు గదిలో నేలకు బేతంచెర్ల బండలే పరిచి ఉన్నాయి. ఐదు వరుసలు, వరుసకు నాలుగు. ఒకరోజు పాప చేతికి చాక్‌పీసు ఇచ్చి, "ఈ ఇరవై బండల్లో పావు బండల మీద గీతలు పెట్టు" అన్నాను. తను గోడ పక్కనున్న వరుసను ముట్టుకోలేదు. మిగతా వాటిలో నాలుగు బండల మీద గీతలు పెట్టి లేచి నిలబడింది.

"ఆ గోడ పక్క వరుస ఎందుకు వదిలేశావు?"

"అవి తర్వాత."

"తర్వాత ఏంది తర్వాత? ఇరవై అంటే ఇరవై. కళ్ళు పెట్టి చూడు."

తను చాక్‌పీసు కింద పెట్టి చేతులు వెనక్కు దాచుకుంది. ఆ రోజు నుంచి ఏది అడిగినా ముందు నా మొహం చూడడం మొదలుపెట్టింది. నా కనుబొమ్మలు కదిలితే ఒక అంకె, కదలకపోతే ఇంకో అంకె. తప్పు చెప్పినా ధీమాగా చెప్పిన పిల్ల, ఇప్పుడు ఒప్పు కూడా భయంగా చెబుతోంది. మిస్ చెప్పిన మాట కన్నా ఇది నన్ను ఎక్కువ భయపెట్టింది.

ఆ శనివారం మా అమ్మ డోన్ నుంచి వచ్చే బస్సు కండక్టరు చేత ఒక సంచి పంపింది. పచ్చి బుడ్డలు. వేరుశనగ కాయల్ని మా వైపు బుడ్డలంటాం. ఉప్పేసి ఉడకబెట్టాను. గదంతా ఆ మట్టివాసన కలిసిన తీపి వాసన. ముగ్గురం నేల మీద కూర్చున్నాం. లెక్కల మాట ఎత్తకూడదని అనుకున్నాను. గిన్నెలోంచి ఒక పన్నెండు కాయలు తీసి పాప ముందు పెట్టి, "పంచవే, నువ్వే పెద్దదానివి ఈ పొద్దు" అన్నాడు మా ఆయన.

తను మోకాళ్ళ మీద లేచి కూర్చుంది. ముందుగా మూడు కాయలు తీసి తన గౌను ఒళ్ళో వేసుకుంది. మిగతావి నాన్నకొకటి, నాకొకటి, తనకొకటి అంటూ చుట్టూ తిప్పి వేసింది. అందరికీ మూడేసి వచ్చాయి. అప్పుడు ఒళ్ళో కాయలు తీసి, తలా ఒకటి, "ఇంద, ఇంద" అంటూ పైన పెట్టింది.

"నాకెన్ని ఇచ్చావే?" అన్నాడు మా ఆయన.

"మూడు."

"నాలుగుండాయి గదా."

"మూడే నాన్నా. ఇది కొసరు."

"అయితే? అది లెక్క కాదా?"

నా కూతురు వాళ్ల నాన్న వైపు ఎంత జాలిగా చూసిందో. "కొసరు లెక్కలోకి ఎట్లొస్తాది?" అంది.

అచ్చంగా మా అమ్మ గొంతు. ఆ యాస కూడా మా అమ్మదే. దసరా సెలవులన్నీ పాప మా అమ్మ దగ్గరే ఉంది, బుడ్డలు తెంపే కాలం అది. రోజూ అవ్వ కొంగు పట్టుకుని చేనికి పోయేది. అవ్వ పంచుతుంటే పక్కన కూర్చుని చూసేది. ఇప్పుడు బండల్లో గోడ పక్క వరుస నాకు అర్థమైంది. పన్నెండులో రెండు, ఎనిమిదిలో మూడు, అన్నీ అర్థమయ్యాయి. నా కూతురికి భాగం చెయ్యడం వచ్చు. ముందుగా మనిషికొకటి చొప్పున కొసరు పక్కన పెట్టి, మిగిలింది భాగాలు వేసి, ఆ భాగమే జవాబని చెబుతోంది. కొసరు ఇస్తుంది, ఇవ్వకుండా ఉండదు. కాకపోతే దాన్ని లెక్కబెట్టదు. మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ కొసరును లెక్కబెట్టలేదు.

పిల్ల పడుకున్నాక, వంటింటి గట్టు తుడిచాక, ఇది రాయడానికి కూర్చుంటున్నాను. రాస్తుంటే నాకు నా చిన్నప్పటి చేను కనిపిస్తోంది.

మాది డోన్ పక్కన ఎర్ర నేలల పల్లె. వాన మీద ఆధారపడిన చేలు. వాన పడితే బుడ్డలు, పడకపోతే ఏమీ లేదు. పంట చేతికొచ్చినప్పుడు చెట్లు పెరికి చేని మధ్యలో వామిగా పేర్చేవాళ్ళు. ఆ వామి చుట్టూ ఆడవాళ్ళు కూర్చుని కాయలు తెంపేవాళ్ళు. చెట్టును గుప్పిట పట్టుకుని గంప అంచుకు కొడితే కాయలు రాలే చప్పుడు వాన మొదలైనప్పుడు రేకుల మీద పడే చినుకుల్లా ఉండేది. బడి లేని రోజుల్లో నేనక్కడే. గోళ్ళల్లో ఎర్రమట్టి, నోట్లో పచ్చి బుడ్డల పాలు. సాయంత్రానికి కడుపునొప్పి, అమ్మ తిట్లు, వాము నీళ్ళు.

కూలి కాయల్లోనే ఇచ్చేవాళ్ళం. ఎవరు తెంపిన దాంట్లో ఎనిమిదో పాలు వాళ్ళది. పొద్దు వాలుతుంటే ఒక్కొక్కరి కాయలు నేల మీద పరిచిన గోనె పట్ట మీద పోసేవాళ్ళు. పంచేది మా అమ్మ. ఎనిమిది చోట్ల ఎనిమిది కుప్పలు వెయ్యాలి. చిన్న గంపతో మొదలుపెట్టేది. ఈడొక గంప, ఈడొక గంప అనుకుంటూ ఎనిమిది చోట్లా వేసి, మళ్ళీ మొదటికి వచ్చేది. ఇంకో చుట్టుకు గంపలు చాలవనిపిస్తే గంప పక్కన పెట్టి దోసిళ్ళతో తిరిగేది. దోసిళ్ళు చాలకపోతే గుప్పిళ్ళు. గుప్పిళ్ళు కూడా చాలనప్పుడు నన్ను పిలిచేది.

"రాయే పాపా, ఇంక నీ చేతి పని."

చివర మిగిలిన కాయల్ని ఒక్కొక్కటిగా కుప్పకొకటి వేసుకుంటూ పోవడం నా పని. కుప్పల మధ్య అడుగులు జాగ్రత్తగా వేస్తూ, పట్ట మీద ఒక్క కాయ కూడా మిగలకుండా చూడాలి. మరీ చివరికి రెండో మూడో మిగిలి ఎనిమిది మందికి చాలకపోతే, అవి నా నోట్లోకి. బహుశా అందుకే లెక్కలంటే ఇష్టం ఏర్పడింది నాకు. కాలేజీలో భాగహారం గురించి ఎన్ని సిద్ధాంతాలు చదివినా, శేషం అనే మాట కనబడితే నా నోట్లో పచ్చి బుడ్డల రుచి తగిలేది.

కుప్పలు వేశాక మా అమ్మ లేచి రెండడుగులు వెనక్కి పోయేది. ఏ కుప్ప తనదో తెంపినామె చూపించాలి. అది పద్ధతి. వేసిన వాళ్ళు ఏరుకోకూడదు.

ఒకామె ఉండేది, నోరు పెద్దది, నవ్వు ఇంకా పెద్దది. ఎనిమిది కుప్పల చుట్టూ పెళ్ళికూతుర్ని చూసినట్టు తిరిగేది.

"ఇది సూడు, రొంత ఎత్తుండాది. అది సూస్తే వెడల్పుండాది. ఏం చెయ్యాలబ్బా!"

"పొద్దు గూకుతాంది అక్కా. తొందరగా చెప్పు" అనేది మా అమ్మ.

"నువ్వు శానా తెలివైనదానివమ్మా. ఎత్తుదాంట్లో అడుగున మట్టిగడ్డ పెట్టింటావు."

"అయితే వెడల్పుది తీసుకో."

"అదే నీకు కావాల్సింది! ఎత్తుదే నాది."

అందరూ నవ్వేవాళ్ళు. ఆమె తన కుప్ప మీద చెయ్యి వేసి కూర్చున్నాక, మా అమ్మ మిగతా ఏడు కుప్పల్లోంచి, అంటే మా కుప్పల్లోంచి, ఒక దోసెడు తీసి ఆమె కుప్ప మీద పోసేది. అది కొసరు. దాన్ని ఎవరూ అడగరు, ఎవరూ లెక్కబెట్టరు. పోసేటప్పుడు మా అమ్మ అటు చూసేది కాదు, ఎవరితోనో వేరే మాట మాట్లాడుతూ పోసేది. ఎడ్లకు నీళ్ళు పెట్టినారా, ఆ పట్ట మడిచినారా, అట్లాంటి మాట ఏదో. తీసుకునే ఆమె కూడా చూడనట్టే కొంగు పట్టేది. ఆ కాసేపు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకపోవడం నాకు చాలా బాగుండేది. ఎందుకో ఇప్పటికీ సరిగా చెప్పలేను.

సరే, పాప తప్పు ఎక్కడుందో తెలిసింది గదా, ఇక దిద్దడం ఎంతసేపు అనుకున్నాను. అదే నేను తొందరపడింది.

"బంగారం, స్కూలు లెక్కల్లో కొసరు ఉండదు" అన్నాను.

"యాల?"

"ఉండదంతే."

"మా మిస్ కొసరు ఇయ్యదా?"

"మిస్ సంగతి కాదు. లెక్కలో ఇరవై మామిడిపళ్ళు ఇచ్చారనుకో, అన్నీ పంచెయ్యాలి."

"కొసరు కూడా పంచేస్తే అప్పుడు కొసరు యాడ నుంచి ఇయ్యాల? వాళ్ళు తిట్టుకోరా?"

ఆ మామిడిపళ్ళు ఎవరివో, తీసుకునే వాళ్ళెవరో తనకు స్పష్టంగా కనిపిస్తున్నారు. పాఠ్యపుస్తకంలోని మనుషులందరూ పిసినారులని తన నమ్మకం. చివరికి నేను, "అయితే కొసరును కూడా కలిపి చెప్పు" అన్నాను. అంతే, ఉన్నది కాస్తా చెడింది. పన్నెండులో పావు అడిగితే కొన్నిసార్లు రెండు అనేది. కొన్నిసార్లు సరిగ్గా మూడు అని, వెంటనే దానికి కొసరు కలిపి నాలుగు అనేది. అన్నాక నా మొహం చూసేది. నా మొహంలో ఏం కనిపించేదో, "రెండు. కాదు, మూడు. కాదమ్మా, నువ్వే చెప్పు" అని ఏడుపు అందుకునేది. టెస్టు వచ్చే వారమే.

ఇక ఉండలేక మా అమ్మకు ఫోన్ చేశాను. మొదట నిష్ఠూరంగానే మొదలుపెట్టాను.

"ఏం నేర్పించి పంపినావమ్మా నా కూతురికి? ఒక్క లెక్క సరిగా చెప్పడంలే."

"నేనేం నేర్పిస్తా మే? నాకే రాదు. బుడ్డలు తెంపేకాడ కుచ్చోబెట్టుకున్యా, అంతే."

విషయమంతా చెప్పాను. బండలు, గోడ పక్క వరుస, ఒళ్ళో వేసుకున్న మూడు కాయలు. మా అమ్మ అవతల పగలబడి నవ్వింది. "ముందే పక్కన పెట్టిందా? అయ్యో నా తల్లీ! ఎంత గమనించిందే!" అంటూ నవ్వి, ఉన్నట్టుండి ఆగింది.

"అమ్మా?"

"ఆ, ఈడనే ఉండానులే."

"నువ్వెప్పుడూ కుప్పలన్నీ వేశాక గదా కొసరు తీసేది? మన కుప్పలోంచి. మరి పాపకు ముందే పక్కన పెట్టే అలవాటు యాడిది?"

 ఫోన్లో వెనక ఎక్కడో కోడి అరుస్తోంది.

"ఈ ఏడు కాయ యాడుండాది మే" అంది మా అమ్మ. "పూత మీద ఉన్నప్పుడు వాన రాలే. చెట్టుకు నాలుగు కాయలు, అందులో రెండు గింజ లేని లొట్టలు. ఎనిమిదో పాలు పోను మిగిలిందాంట్లోంచి మళ్ళా దోసెడు తీస్తే విత్తనానికి కూడా రావు. ఇయ్యకుండా ఉందామా అంటే చెయ్యి రాదు. అందుకని ముందే కుప్పలోంచి రొంత తీసి పట్ట పక్కన పెట్టి, తక్కింది పంచి, అదే కొసరని పోసినా."

అంటే వాళ్ళ కాయల్లోంచే వాళ్ళకు కొసరు.

"వాళ్ళకు తెలీదా?"

"తెలీకేం? వాళ్ళు తెంపిన కాయలే గదా, వాళ్ళ కండ్ల ముందరే గదా తీసింది. ఒకామె అననే అనింది, ఈ ఏడు కొసరు కూడా మాకాడ అప్పు తెచ్చుకున్యావా అని. నవ్వినాం. ఇంగేం చేస్తాం. అయినా పోసేటప్పుడు కొంగు పట్టినారు."

నేను ఫోన్‌ను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాను. మా అమ్మే అంది. "పాపకియ్యి ఫోను."

పాప ఫోన్ రెండు చేతులతో పట్టుకుంది. స్పీకర్లో పెట్టాను.

"ఏమమ్మీ, లెక్క తప్పు చెప్తాండావంట?"

"నువ్వు చేసినట్టే చేసినా అవ్వా."

"నేను చేసింది ఈ ఏటి లెక్క తల్లీ. కాయ లేని లెక్క. నీ బుక్కులో పళ్ళు బాగానే కాసినాయి గదా? మీ అమ్మకు బాగా కాసినప్పటి లెక్క తెలుసు. చిన్నప్పుడు నా పక్కనుండి కుప్పలేసింది. అది నేర్చుకో."

ఫోన్ పెట్టేశాక సంచిలో మిగిలిన కాయలు తెచ్చి చాప మీద పోశాను. పన్నెండు ఏరి ఇచ్చాను. పక్కన బండల మీద నాలుగు చోట్ల నాలుగు సున్నాలు చాక్‌పీసుతో గీశాను. "పట్ట మీద ఏమీ మిగలకూడదు. అది మీ అవ్వ మాట. నీకు ఒళ్ళో వేసుకోవాలనిపించినా వేసుకోవద్దు. అన్నీ వెయ్యి" అన్నాను.

తను వేసింది. ఒక చుట్టు, రెండో చుట్టు. మూడో చుట్టుకు చెయ్యి ఆగింది. ఆ నాలుగు కాయల మీద అరచెయ్యి మూసి నా వైపు చూసింది. ఈసారి నేను మొహం తిప్పుకుని కిటికీ వైపు చూశాను. కాసేపటికి కాయలు నేల మీద పడుతున్న చప్పుడు వినిపించింది. నాలుగు.

"అయిపోయాయి" అంది.

"నీ కుప్ప ఏదో చూపించు."

నాలుగింటి చుట్టూ తిరిగి చూసి ఒక దాని మీద చెయ్యి పెట్టింది.

"దాంట్లో ఎన్నున్నాయి?"

"మూడు."

"అది పన్నెండులో పావు. ఇప్పుడు నాకు కొసరు ఇయ్యాలనుందా?"

తల ఊపింది. చాప మీద వెతికింది. ఏమీ మిగల్లేదు. పక్క కుప్పల్లోంచి తియ్యబోయింది. "అవి వేరే వాళ్ళవి" అన్నాను. చాలాసేపు అట్లాగే కూర్చుంది. నేను ఏమీ చెప్పలేదు. చెప్పకుండా ఉండడం నాకు ఎంత కష్టమో మా ఇంట్లో వాళ్ళకే తెలుసు. చివరికి తన కుప్పలోంచి ఒక కాయ తీసి నా ముందున్న కుప్ప మీద పెట్టింది. పెట్టి, తన కుప్ప వైపు చూసుకుంది.

"నాకు తక్కువైపోయాయి."

"అవును."

"అవ్వకు కూడా ఇట్లే తక్కువయ్యేదా, నీ చిన్నప్పుడు?"

"రోజూ అయ్యేది. ఒక్కొక్కరికీ ఒక్కొక్క దోసెడు."

దాని గురించి ఆలోచించింది. ఒక కాయ ఒలిచి గింజలు బుగ్గలో పెట్టుకుని నమిలింది.

"అయితే పావు మూడే" అంది. "ఇయ్యకముందు మూడు. ఇచ్చేది మన ఇష్టం."

ఆ వారమంతా మేము కాయలు పంచాం. ఇరవైలో పావు, పద్దెనిమిదిలో మూడో వంతు, పదహారులో ముప్పావు. ముప్పావుకు కొంచెం తంటా పడింది. నాలుగు కుప్పలు వేసి మూడు కుప్పలు కలపాలంటే, "ఒక మనిషికి మూడు కుప్పలు ఎందుకు?" అంది. మాకు ఏడు కుప్పలు వచ్చేవని చెప్పాను. "ఎందుకు?" అంది మళ్ళీ. చేను మనది కాబట్టి అన్నాను. ఆ జవాబు తనకు నచ్చినట్టు లేదు గానీ లెక్క మాత్రం చేసింది. తర్వాత కాయలు లేకుండా పలక మీద సున్నాలు పెట్టుకుని చేసింది. ఎప్పటి నుంచో గానీ, తను నా మొహం చూడడం మానేసిందని శుక్రవారం నాడు గమనించాను. గమనించినట్టు కనబడితే మళ్ళీ చూస్తుందేమోనని వంటింట్లోకి పోయాను.

టెస్టు రోజు నేను అన్నం తినలేదు. మా ఆయన మధ్యాహ్నం బేతంచెర్ల నుంచి ఫోన్ చేసి, "పరీక్ష నీకా దానికా?" అన్నాడు. సాయంత్రం గేటు దగ్గర ఎట్లా రాశావే అంటే, "టైము చాల్లేదు" అంది నా కూతురు.  ఆ రెండు రోజులు ఎట్లా గడిచాయో చెబితే నవ్వుతారు. కూరలో రెండుసార్లు ఉప్పేశాను.

కాగితాలు ఇచ్చే రోజు భోజనాల వేళకు రమ్మని మిస్ కబురు పంపింది. పోయాను. పాప కాగితం బల్ల మీద పెట్టి చూపించింది. చివరి రెండు లెక్కలు ముట్టుకోనే లేదు. చేసినవన్నీ ఒప్పే. ప్రతి లెక్క పక్కనా చిన్న చిన్న సున్నాలు, వాటిలో చుక్కలు. ఒక్కొక్క చుక్కా చుట్టూ తిప్పి వేసినట్టు తెలుస్తోంది.

"ఇంత నిదానంగా చేస్తే ఎట్లా మేడమ్? అందరూ ఎక్కంతో చేస్తారు, ఈ అమ్మాయి బొమ్మలేసుకుంటూ కూర్చుంది" అంది మిస్. తర్వాత తనే నవ్వింది. "కానీ అర్థమైంది తనకి. అది తెలుస్తోంది. ఇక్కడే ఉంటుంది లెండి. స్పీడు మీరు చూసుకోండి."

చూసుకుంటానన్నాను. ఎక్కాలు పట్టాలి, నిజమే. మళ్ళీ ఆ దిగులు ఒకటి అప్పుడే మొదలైంది నాకు.

బయటికొచ్చి వరండాలో పాపను పిలిచి చెప్పాను. మధ్యాహ్నం కూడా తన తరగతిలోనే అని. "నిజంగా?" అంది. నిజంగా అన్నాను. ఇంకోసారి అడిగింది, ఇంకోసారి చెప్పాను.

అంతలో బెల్లు కొట్టారు. తన తరగతిలోంచి ఇద్దరు పిల్లలు లెక్కల పుస్తకాలు ఛాతీకి ఆనించుకుని రెండో తరగతి వైపు నడిచారు. వాళ్ళలో ఒకమ్మాయికి జడ రిబ్బను ఊడి వేలాడుతోంది. నా కూతురు వాళ్ళు మలుపు తిరిగేదాకా చూసింది. తర్వాత నా వైపు ఒకసారి చూసి, తన తరగతిలోకి పోయింది.